ముందు నింపాలి, తర్వాత సర్దాలి

ఒక్క బొత్తం నొక్కితే పనంతా చేసిపెట్టే మాక్రోలు నాకు తెలిసినవి రెండే. ఒకటి టేబుల్లో ఖాళీగా ఉన్న గడులు నింపుతుంది. రెండోది వరసలు సర్దుతుంది. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో కంప్యూటర్ గురించి నేను నేర్చుకున్నది దాదాపు ఇంతే. ఈ మాత్రానికి ఒక వ్యాసమా అని మీరు అనుకోవచ్చు. ఆ రెండింటిలో ఏది ముందు నొక్కాలో ఒక పూట మరిచిపోయాను. దాని గురించే రాస్తున్నాను.

ఇప్పుడు కొత్తగా సీట్లో కూర్చున్న పిల్లలకు ఇదంతా పాతకాలపు గొడవలా ఉంటుంది. మీకు అన్నీ యాప్‌లు. పేరు కొడితే ఊరు అదే వస్తుంది, ఊరు కొడితే మండలం అదే వస్తుంది. వచ్చింది సరైనదో కాదో ఎవరైనా చూస్తున్నారో లేదో నాకు తెలియదు. అడిగే ఓపిక కూడా లేదు. నేను ఉద్యోగంలో చేరింది టైపు మిషను మీద. చివరి పదేళ్ళూ టెక్కలిలో ఒక ఆరోగ్య కార్యాలయంలో పనిచేశాను. రోజూ కోటబొమ్మాళిలో బస్సెక్కి పదింటికి సీట్లో పడేదాన్ని, సాయంత్రం అదే బస్సులో కిటికీకి తల ఆనించి తిరిగి వచ్చేదాన్ని. ఆఫీసులో నా పని జాబితాలు. పొద్దున్న జాబితా, సాయంత్రం జాబితా. కలలో కూడా గళ్ళ చీరలు కట్టుకున్నవాళ్ళే కనిపించేవారని మా ఇంట్లో ఎగతాళి చేసేవారు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి కొత్తగా చెప్పేదేముంది. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పక్కనే సముద్రం. చూడ్డానికి ఎంత చల్లని ఊళ్ళో. ప్రతి వీధిలోనూ ఆ జబ్బుతో ఒకరిద్దరు. ఎందుకొస్తుందని అడిగితే ఒకరు నీళ్ళంటారు, ఒకరు మందులంటారు, ఒకరు మా ఖర్మంటారు. బృందాలు ఊరూరా తిరిగి రక్తం తీసేవి. ఆ ఫలితాలను ఒక్కో ఆరోగ్య కేంద్రం వాళ్ళు వర్డ్‌లో టేబుల్ కొట్టి మాకు పంపేవారు. వరస సంఖ్య, ఊరు, ఇంటిపేరుతో పేరు, వయసు, కిడ్నీ ఎంత చెడిందో చెప్పే క్రియాటినిన్ అంకె. అంతే. ఆ టేబుళ్ళన్నీ నేను ఒక్కటి చేయాలి. అంకె ఎక్కువున్నవాళ్ళను పైకి, తక్కువున్నవాళ్ళను కిందికి సర్దాలి. పైనున్న వాళ్ళను మళ్ళీ పరీక్షకు పలాస కిడ్నీ ఆసుపత్రికి పిలిపించాలి. అందుకని ఆ జాబితాను తిరిగి ఊళ్ళవారీగా విడగొట్టి ఆయా ఊళ్ళు చూసే నర్సమ్మలకు, అంటే ఏఎన్ఎంలకు పంపాలి. వాళ్ళు ఇంటికి వెళ్ళి చెబుతారు.

ఎక్సెల్‌లో చేస్తే సులువు కదా అని మీరంటారు. నేనూ అన్నాను. పై ఆఫీసు వాళ్ళు వర్డ్‌లోనే కావాలన్నారు. ఎందుకో వాళ్ళకూ తెలియదు. మొదటిసారి ఎవరో అలా పంపి ఉంటారు, అదే ఆచారమై కూర్చుంది.

ఇందులో ఒక చిక్కు ఉండేది. మా ఏఎన్ఎంలంతా రిజిస్టర్లు రాసి చేయి తిరిగినవాళ్ళు. రిజిస్టర్లో ఒక ఊరివాళ్ళు ముప్పై మంది ఉంటే ముప్పై సార్లు ఊరిపేరు ఎవరు రాస్తారు? మొదటి వరసలో ఊరిపేరు రాసి, కింద అన్ని వరసల్లో రెండు చిన్న గీతలు పెడతారు. 'పైదే' అని దాని అర్థం. కంప్యూటర్ వచ్చినా ఆ అలవాటు పోలేదు. కొందరు గీతలు కూడా పెట్టకుండా ఖాళీగా వదిలేసేవారు. మరికొందరు ముప్పై గడులూ కలిపేసి ఒకే పెద్ద గడిలో ఊరిపేరు రాసి మధ్యలో నిలబెట్టేవారు. చూడ్డానికి అందంగానే ఉండేది. నాకు మాత్రం ప్రాణం మీదికొచ్చేది.

మా సూపరింటెండెంట్ గారికి ఖాళీ గడి కనిపిస్తే ఒళ్ళు మండేది. "అమ్మా, ఖాళీ ఉంటే పైవాళ్ళు ఫైలు తిప్పి కొడతారు. ఏదో ఒకటి ఉండాలి అందులో" అనేవారు. మనిషి చెడ్డవారు కాదు. మధ్యాహ్నం డబ్బాలోంచి సగం కూర నాకు పెట్టకుండా ఏనాడూ తినలేదు. కానీ ఆయన భయాలన్నీ పై ఆఫీసు చుట్టూనే తిరిగేవి. నా భయాలు ఆయన చుట్టూ తిరిగేవి. అలా ముప్పై వరసల్లోనూ ఊరిపేరు నేనే చేత్తో కొట్టేదాన్ని. ఒక జాబితాకు మూడు రోజులు పట్టేది. మెడ పట్టేసేది.

ఆ రోజుల్లో లెక్కల విభాగం నుంచి ఒకాయన నెలరోజుల పాటు మా ఆఫీసుకు డిప్యుటేషన్ మీద వచ్చారు. నెమ్మదస్తుడు. నేను ఊరిపేర్లు కొట్టుకుంటూ కూర్చుంటే రెండు రోజులు చూసి మూడో రోజు ఆగలేకపోయారు.

"మేడమ్, మీరు చేసే పని ఒక్కసారి చేసి దానికి చూపిస్తే చాలు. మిగతాది అదే చేసుకుంటుంది" అన్నారు.

రికార్డ్ అనే బొత్తం చూపించారు. అది నొక్కి నేను టేబుల్‌ను అంకె ప్రకారం ఒకసారి సర్దాను. దానికి గుర్తుండిపోయింది. ఖాళీలు నింపే పని అలా కుదరదని, ఆయనే కంప్యూటర్‌కు అర్థమయ్యే కొన్ని ఆజ్ఞలు రాసిచ్చారు. గడిలో రెండు గీతలున్నా, ఏమీ లేకపోయినా, దాని పైగడిలో ఏముందో చూసి అదే తెచ్చి పెట్టు అని అందులో ఉంది. కింది గడికి వెళ్ళు, మళ్ళీ చూడు. టేబుల్ అయ్యేవరకూ అంతే. ఈ రెండింటికీ నింపు, సర్దు అని పేర్లు పెట్టి పైన పక్కపక్కనే రెండు బొత్తాలుగా నిలబెట్టారు. వెళ్ళిపోయే ముందు ఒక చీటీ మీద 'ముందు నింపాలి, తర్వాత సర్దాలి' అని రాసి నా మానిటర్‌కు అంటించి వెళ్ళారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు నేను ఆఫీసులో మహారాణిని. మూడు రోజుల పని అరగంటలో అయిపోయేది. పక్క సీట్లవాళ్ళు తమ టేబుళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నా దగ్గరికి వచ్చేవారు. గడులు కలిపేసిన టేబుల్ వస్తే మాత్రం మాక్రో మొరాయించేది. ఏదో ఇంగ్లీషులో తిట్టి ఆగిపోయేది. నాకు చిరాకేసేది. తనకు తెలియనప్పుడు తెలియదని చెప్పే గుణం దానిలో అదొక్కటే అని అప్పుడు తెలుసుకోలేదు.

కొన్నాళ్ళకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. పాత మానిటర్ స్టోరు గదిలోకి పోయింది. దాంతో పాటు చీటీ పోయింది. నాకు చీటీ ఎందుకు, కళ్ళు మూసుకుని చేస్తానని అనుకున్నాను. అదే జరిగింది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికల్లా జాబితా వెళ్ళాలి. మధ్యాహ్నం రెండుసార్లు కరెంటు పోయింది. మూడింటికి ఎనిమిది కేంద్రాల టేబుళ్ళు ఒకచోట చేర్చి, గడులు కలిపేసిన వాటిని విడగొట్టి, ఇక నింపు నొక్కుదామని చెయ్యి పెట్టేసరికి పై ఆఫీసు నుంచి ఫోను. వాళ్ళకు అప్పటికప్పుడు వేరే సంగతేదో కావాలి. బీరువా తీసి, ఫైలు వెతికి, చదివి వినిపించి వచ్చి కూర్చున్నాను. సర్దు నొక్కాను.

వరసలన్నీ కదిలాయి. పెద్ద అంకెలు పైకి వచ్చాయి. చూస్తే ఊరి గడుల్లో అక్కడక్కడా రెండు గీతలు, అక్కడక్కడా ఖాళీలు. అప్పుడు నాకు అనుమానం రావాలి. రాలేదు. విసుగొచ్చింది. 'అయ్యో, నింపడం మరిచానే' అనుకుని నింపు నొక్కాను. ఒక్క క్షణంలో అన్నీ నిండిపోయాయి.

ఏం జరిగిందో అర్థమైంది కదా. 'పైదే' అని గీతలు పెట్టుకున్న వరస, తన ఊరి వరస కింద ఉన్నంతసేపే ఆ ఊరిది. సర్దినప్పుడు అది ఎక్కడికో పోయి ఇంకో ఊరి వరస కింద చేరింది. నింపమంటే మాక్రో ఆ కొత్త ఊరిపేరు తెచ్చి పెట్టింది. మనుషుల పేర్లు సరైనవే, అంకెలు సరైనవే. ఊళ్ళు మాత్రం మారిపోయాయి. మందస పక్క మనిషి భావనపాడు పక్కకు వచ్చింది. చూడ్డానికి మాత్రం ఆ టేబుల్ అద్దంలా ఉంది. ఒక్క ఖాళీ లేదు.

సూపరింటెండెంట్ గారు చూసి "ఎంత ముచ్చటగా ఉందమ్మా" అని సంతకం పెట్టారు. నాలుగింటికి ఐదు నిమిషాలు తక్కువగా మెయిలు వెళ్ళింది. ఆ సంబరంలో టీ తాగాను.

ఏఎన్ఎంల నుంచి జవాబులు ఒక్కొక్కటే వచ్చాయి. 'ఊళ్ళో లేరు.' 'ఊళ్ళో లేరు.' వాటికి కూడా ఒక టేబుల్ చేశాను. ఇంకో జిల్లాలో అయితే ఇంతమంది లేరంటే ఎవరో ఒకరు ఉలిక్కిపడేవారు. మా దగ్గర ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఉద్దానంలో మనుషులు ఊళ్ళో లేకపోవడం వింతా? సగం మంది పనుల కోసం ఏ ఊరో, ఏ రేవో వెళ్ళి ఉంటారు. లేరంటే వలస వెళ్ళారని మేమే అర్థం చేసుకున్నాం. పలాసలో మళ్ళీ పరీక్షలు జరిగాయి, ఊరిపేరు అదృష్టవశాత్తూ సరిపోయినవాళ్ళు వచ్చారు. అలా రెండు నెలలు గడిచాయి.

తీరం వైపు సబ్‌సెంటర్ చూసే ఏఎన్ఎం ఒకావిడ మీటింగుకని టెక్కలి వచ్చి, అయ్యాక నా సీటు దగ్గర కూర్చుంది. పాతికేళ్ళుగా అవే ఊళ్ళు నడిచి తిరిగిన మనిషి. మా జాబితా తీసి బల్ల మీద పెట్టింది.

"మేడమ్ గారూ, తప్పుగా అనుకోకండి. ఇందులో మా ఊరని రాసి తొమ్మిది మంది పేర్లున్నాయి. ఎనిమిది మంది లేరని నేనే రాసి పంపీసినాను."

"అవునండి, వలస వెళ్ళారుగా?"

"అదే అనుకున్నాను. మొన్న మళ్ళీ సూత్తే, ఇందులో ఆరుగురి ఇంటిపేర్లు మా ఊర్లో లేనే లేవు. మా ఊరంతా కలిపి మూడు ఇంటిపేర్లు మేడమ్. మనుషులు ఎల్తారు గానీ ఇంటిపేర్లెక్కడికెల్తాయి?"

నేను నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. కేంద్రం వాళ్ళు పంపిన అసలు ఫైలు తెరిచి, నేను పంపింది పక్కన పెట్టాను. మొదటి పేరు చూశాను. రెండోది చూశాను. ఐదో పేరు దగ్గర ఇక చూడలేక మౌస్ వదిలేశాను. నీళ్ళు తాగమని ఆవిడే సీసా మూత తీసి ఇచ్చింది.

సూపరింటెండెంట్ గారు విని కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "టైపింగ్ పొరపాటమ్మా. సవరణ జాబితా పంపితే సరి" అన్నారు. అది ఆఫీసు మాట. ఆ రోజు, మర్నాడు కూర్చుని ఒక్కో పేరూ అసలు ఫైలుతో చూసి, ఊరిపేరు చేత్తో కొట్టాను. ఫోన్లు చేశాను. ఊళ్ళలో లేరన్నవాళ్ళు వారం తిరక్కుండా తమ తమ ఊళ్ళలోనే దొరికారు. ఎప్పుడూ అక్కడే ఉన్నారు పాపం.

ఒక్క వరస మిగిలింది. జాబితాలో పైనుంచి రెండోది, చాలా పెద్ద అంకెతో ఉన్న వరస. దాని ఎదురుగా 'లేరు' అని లేదు. 'సమాచారం ఇచ్చాం, మళ్ళీ పరీక్షకు నిరాకరించారు' అని ఉంది. ఆ జవాబు పంపింది నాకు తప్పు చూపించిన ఆ ఏఎన్ఎమ్మే, ఆవిణ్ణి మళ్ళీ పిలిపించి అడిగాను.

ఆ పేరు ఇక్కడ రాయను. అమ్మవారి పేరు. తీరం పొడుగునా ఊరికి పదిమంది ఆడవాళ్ళకు ఆ పేరుంటుంది. ఇంటిపేరు కూడా ఎక్కడపడితే అక్కడ దొరికేదే. మందస వైపు ఊళ్ళో ఉన్న మనిషి వరస సర్దడంలో భావనపాడు పక్క ఊరి కిందికి వచ్చింది. ఆ ఊళ్ళోనూ అదే ఇంటిపేరుతో, అదే పేరుతో ఒకావిడ ఉంది. వయసు నాలుగేళ్ళు తేడా. వయసు ఎవరు సరిగ్గా చెప్పారు గనక? ఈ ఏఎన్ఎం వెళ్ళి ఆవిడకు చెప్పేసింది.

"గుమ్మంలో నిలబడి సెప్పీసి వచ్చీసినాను మేడమ్. ఆ రోజు నాకు పోలియో చుక్కల పని" అని తల దించుకుంది.

జబ్బున్న మనిషికి తెలియదు. జబ్బులేని మనిషి రెండు నెలలుగా జబ్బుందనుకుంటోంది. మందస వైపు ఆ సబ్‌సెంటర్‌లో పోస్టు ఖాళీ, వెళ్ళి చెప్పేవాళ్ళు లేరు. సీట్లో కూర్చునేవాళ్ళు ఊళ్ళకు వెళ్ళడం మా ఆఫీసులో లేదు. నేను మర్నాటికి సెలవు చీటీ రాసిచ్చాను. సూపరింటెండెంట్ గారు దాన్ని చూసి "నువ్వెందుకమ్మా" అన్నారు, మళ్ళీ తనే సంతకం పెట్టారు.

ఏఎన్ఎం, నేను టెక్కలి నుంచి ఆటోలో ముందు భావనపాడు వైపు బయల్దేరాం. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఒడ్డున ఇసుకలో వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. ఆడవాళ్ళు వంగి తిరగేస్తున్నారు. ఒకావిడ మాత్రం పడవ నీడలో ఊరికే కూర్చుని ఉంది. ఏఎన్ఎంను చూడగానే మొహం తిప్పుకుంది.

"మళ్ళీ వొచ్చినావేటమ్మా? సూది పొడిపించుకోనని సెప్పీసినాను కదా. ఎల్లినోలందరూ ఆ రక్తం కడిగే మిసను కాడే ఉండిపోనారు."

"సూది కోసం కాదప్పా. ఈ మేడమ్ గారు నీతో ఒక మాట సెప్పాలని వొచ్చినారు."

నేను ఇసుకలో కూర్చున్నాను. కూడబలుక్కున్నదంతా పోయింది. "అమ్మా, ఆ రోజు నీకు చెప్పిన కాగితం నీది కాదు. వేరే ఊళ్ళో నీ పేరే ఉన్న మనిషిది. ఊరిపేరు తప్పు పడింది. తప్పు నాదే" అన్నాను.

ఆవిడ పడవ అంచు పట్టుకుని నా వైపు తిరిగింది. సంతోషిస్తుందని అనుకున్నాను కాబోలు, నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉండదు.

"నువ్వు రాసినావా?"

"నేనే."

"రెండు నెల్లయ్యింది. ఉప్పు మానీసినాను. బోట్ల కాడికెల్లడం మానీసినాను. పొద్దుట లెగీసరికల్లా కాళ్ళు సూసుకుంటాను, వాసినాయేటని. నడుం నొప్పొచ్చినా అదే, తలనొప్పొచ్చినా అదే అనుకున్నాను. మా ఆయనికి వొంట నేర్పినాను. మగోడు, చేపలు తేవడమే గానీ వొండడం తెల్దు. నాను పోతే ఏటి తింటాడని రోజుకో కూర నేర్పినాను. ఇప్పుడు నాకన్నా బాగా వొండుతన్నాడు." ఆగింది. "ఇప్పుడొచ్చి నాది కాదంతన్నావు. ఆ కాగితమూ మీదే, ఈ మాటా మీదే. దేన్ని నమ్మాల నాను?"

"ఒక్కసారి రక్తమిత్తే తేలిపోద్ది" అంది ఏఎన్ఎం.

"నానివ్వను."

క్షమించమని అడగడానికి కూడా నాకు సిగ్గేసింది. లేవబోతుంటే ఆవిడే అడిగింది.

"మరావిడి?"

"ఎవరు?"

"నా పేరున్నావిడి. ఆవిడికి తెల్సా?"

"తెలియదు. ఇప్పుడు అక్కడికే వెళ్తున్నాం."

"ఎలగ సెప్తారు?"

నేను ఏఎన్ఎం వైపు చూశాను. ఏఎన్ఎం ఇసుకలోకి చూస్తోంది.

"గుమ్మంలో నిలబడి సెప్పీసి ఎల్లిపోతారా?" అంది. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకు తగిలింది. నాకూ తగిలింది. ఆవిడ లేచి చీరకంటిన ఇసుక దులుపుకుంది. "ఉండండి. నానూ వొత్తాను. మీకు సెప్పడం రాదు."

ముగ్గురం టెక్కలి వచ్చి పలాస బస్సెక్కాం. ఆ రెండో ఆవిడ ఊరు మందస దగ్గరైనా, పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వస్తుందని ముందే ఫోనులో కనుక్కున్నాను. బస్సులో భావనపాడు ఆవిడ నా పక్కన కూర్చోలేదు. వెనక సీట్లో ఒక్కతే కూర్చుంది. నిజం చెప్పాలంటే నాకు అదే హాయిగా ఉంది.

పిక్కల షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని పిక్కలు కోస్తున్నారు. జీడి అంటి అందరి వేళ్ళూ నల్లగా ఉన్నాయి. భోజనాల వేళకు మేము వెతికే మనిషి బయటికి వచ్చింది. బలంగా, నవ్వు మొహంతో ఉంది. మమ్మల్ని చూసి "ఏటి, ఫొటోలు తీత్తారా? ఉండండి, తల దువ్వుకునొత్తాను" అంది. జాబితాలో పైనుంచి రెండో అంకె ఆవిడదని నాకు తప్ప అక్కడ ఎవరికీ నమ్మకం కలగదు.

భావనపాడు ఆవిడ వెళ్ళి ఆమె పక్కన అరుగు మీద కూర్చుంది. "నీ పేరూ నా పేరూ ఒకటేనంట" అంది.

"ఓలమ్మ! అలగైతే నేస్తం కట్టీవలసిందే" అని ఈవిడ నవ్వింది. మా వైపు ఒకే పేరున్న ఆడవాళ్ళు ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోవడానికి ఇష్టపడరు, నేస్తం అనుకుంటారు. ఆ క్షణం నుంచీ వాళ్ళిద్దరూ అంతే.

ఆమె డబ్బా విప్పి అన్నం తినేవరకూ భావనపాడు ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. ఇల్లెక్కడ, పిల్లలెంతమంది, షెడ్డులో గాలాడుతుందా అని అడిగింది. తిని చేతులు కడుక్కున్నాక చెప్పింది.

"రెండు నెల్ల కిందట మా ఇంటికొక కాగితమొచ్చింది నేస్తం. అది నీదంట."

"నాకు కాగితమేటి? అందులేటున్నాది?"

"కిడ్నీ."

ఈవిడ నవ్వు మానేసింది. నల్లబడిన వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంది. "మా అన్నకీ అదే వొచ్చింది" అంది.

"బయపడకు అని సెప్పను. బయమేత్తాది. పొద్దుట లెగీసరికి ఎక్కువేత్తాది, ఎండెక్కీసరికి కొంచెం తగ్గుతాది. ప్రతి నొప్పీ అదే అనుకోకు, నాను అనుకుని సెడిపోనాను. ఉప్పు ఒక్కసారే మానీకు, డాక్టరు సెప్పినంతే మాను. ఇంట్లో వోలకి ఈ రోజే సెప్పీ. దాసుకుంటే అన్నం దిగదు."

ఇన్నేళ్ళు ఆరోగ్య కార్యాలయంలో ఉన్నాను. ఒక రోగికి అలా చెప్పగా నేను వినలేదు.

అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్ళాం. రక్తం తీసే గది ముందు ఆ జీడిపిక్కల మనిషి ఆగిపోయింది. అప్పుడు రెండు నెలలుగా సూది వద్దన్న మనిషి లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. "నాది ముందు తియ్యండి. ఆవిడి సూత్తాది" అంది.

ఒకరి అంకె మామూలుగా వచ్చింది. రెండోవారి అంకె రెండు నెలల కిందటి కన్నా పెరిగింది. వాళ్ళు బయట ఉండగా నేను డాక్టరు గారిని పట్టుకున్నాను. రెండు నెలల ముందు వచ్చి ఉంటే మందులతో ఇంకొన్నాళ్ళు గడిచేదా అని అడిగాను. ఆయన నా మొహం చూశారు. "చెప్పలేనండి" అన్నారు. దయగలవారు. ఆ మాట మోసుకుంటూనే రిటైరయ్యాను, ఇప్పటికీ మోస్తున్నాను.

ఆఫీసులో నాకేమీ కాలేదు. ఫైలులో 'సాంకేతిక పొరపాటు సవరించబడింది' అని ఒక వాక్యం చేరింది. నా మీద మెమో రాయమని నేనే సూపరింటెండెంట్ గారిని అడిగాను. "ఊరుకో అమ్మా, సర్వీసు చివర్లో ఎందుకు" అన్నారు. ఆయనకూ ఓపిక లేదు, నాకూ లేదు. లెక్కల విభాగం ఆయనకు ఫోను చేస్తే, రెండు బొత్తాలనూ కలిపి ఒకటే చేసిచ్చారు. ఇక ఎవరు నొక్కినా ముందు నింపి, ఆ తర్వాతే సర్దుతుంది. ఇంత సులువైన పని మొదటే ఎందుకు చెయ్యలేదని ఆయన బాధపడ్డారు. నేను మాత్రం మిగిలిన కాలమంతా ప్రతి జాబితాలో పై పది పేర్లూ అసలు ఫైలుతో పోల్చి చూసుకుని కానీ పంపలేదు. మీకు చెప్పగలిగింది కూడా అంతే. ఖాళీ గడి మిమ్మల్ని ఏమీ చెయ్యదు. అక్కడ ఏమీ లేదని అది ఒప్పుకుంటుంది. ఏదో ఒకటి పెట్టి నింపమని పైవాళ్ళు తొందరపెడితే, తిప్పి కొట్టనివ్వండి.

రిటైరైన ఏడాది తర్వాత ఒక రోజు పలాస వెళ్ళాను. చాలా రోజులుగా వెళ్ళాలనుకుంటూ, ప్రతిసారీ ఏదో వంక పెట్టుకుని మానేస్తున్నాను. డయాలసిస్ గదిలో జీడిపిక్కల ఆవిడ మంచం మీద ఉంది. చిక్కిపోయింది. వేళ్ళ నలుపు పోయింది. మంచం పక్కన స్టూలు మీద భావనపాడు ఆవిడ కూర్చుని ఉంది. వారంలో ఒక రోజు తోడుగా తనే వస్తుందట. చేపలు తిరగేసే పని ఆ రోజుకు మానుకుని, రెండు బస్సులు మారి వస్తుంది.

ఇద్దరూ నన్ను గుర్తుపట్టారు. కూర్చోమన్నారు. నేను నిలబడే ఉన్నాను. ఇన్నాళ్ళూ అనలేని మాట అన్నాను. "నా వల్ల రెండు నెలలు ఆలస్యమైందమ్మా. నన్ను క్షమించు."

మంచం మీది మనిషి సూది లేని చెయ్యి ఊపింది. "ఊరుకోండమ్మా. ఆ రెండు నెల్లూ నాకేటీ తెల్దు. పిక్కలు కొట్టుకుంటూ, నవ్వుకుంటూ ఉన్నాను. మా మేనకోడలి పెళ్ళిలో డాన్సు కూడా సేసినాను. మీరు బేగి సెప్పుంటే అవి కూడా ఏడుపులోనే పోయేవి. మీ దయ వల్ల రెండు నెల్లు మంచివి మిగిలినాయి నాకు."

నా కళ్ళు నిండాయి. ఎన్నాళ్ళనుంచో పట్టేసిన మెడ ఎవరో సడలించినట్టయింది. ఇంతకంటే ఏం కావాలి నాకు అనుకున్నాను.

అప్పుడు స్టూలు మీది మనిషి, మంచం మీద దుప్పటి సరిచేస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"ఈవిడి దయేటి నేస్తం. నీకు మిగిలిన ఆ రెండు నెల్లూ నాయి."

ఆ గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. మంచం మీది మనిషి ఆవిడ చెయ్యి పట్టుకుంది. నేను ఇంకాసేపు నిలబడి, బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.